సెల్లారులో తడవని మబ్బు

మా వీధిలో పుట్టి పెరిగిన పిల్లల్లో ఒక్కసారైనా రాజో, రాణో, పులో, పోలీసో కాకుండా పెద్దయినవాళ్ళు లేరు. ఆ పుణ్యమంతా మా భవనం అడుగున, సెల్లారులో, నాటకాల బట్టలు అద్దెకిచ్చే ఆవిడది. ఆవిడకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు చూసినవాళ్ళెవరైనా చెప్పాలి. అందరికీ ఆవిడ వేషాలక్క. నేనూ అక్కా అనే పిలిచాను, మా అమ్మాయీ అక్కా అనే పిలిచింది, ఇప్పుడు మా మనవరాలూ అక్కా అనే పిలుస్తోంది. వరస కలవలేదని ఎవరూ బాధపడలేదు.

ఊళ్ళు తిరిగి నాటకాలాడే ఒక కంపెనీలో ఆవిడ చిన్నతనంలోనే కుట్టుపనికి చేరింది. ఊడిన పూసలు అతకడం, లావైన రాజుకి నడుము వదులు చెయ్యడం, చిక్కిన రాణికి బిగించడం ఆవిడ పని. ఆ కంపెనీ మూతపడిన రోజున తలా ఒకటి పంచుకున్నారట. పరదాలు ఒకరు, దీపాలు ఒకరు, హార్మోనియం ఒకరు. చెమట వాసన పట్టిన బట్టల పెట్టెల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. "వీళ్ళని ఎక్కడ వదిలేసి పోతాను?" అని ఆవిడ తెచ్చుకుంది. ఇవి అనేది కాదు, ఎప్పుడూ వీళ్ళు అనే అనేది.

పెళ్ళి మాట ఎత్తితే నవ్వేసేది. "రాజులందరూ నా దగ్గరే పడున్నారు. ఒకర్ని చేసుకుంటే మిగతావాళ్ళు అలగరూ?"

ఆ సెల్లారు చూడవలసిన చోటు. మెట్లు దిగగానే రెండు గోడల పొడుగునా ఇనప దండేలు, వాటికి వరసగా వేషాలు. మూల బట్టలుతికే చిన్న జాగా, అక్కడ నేలలో నీళ్ళు పోయే తూము. వీధి వైపు గోడకి పైకప్పు దగ్గర అడ్డంగా ఒక వెంటిలేటరు ఉండేది. అందులోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ పాదాలు తప్ప ఇంకేమీ కనిపించవు. అక్కకి అవే చాలు. కుట్టుమిషను దగ్గర కూర్చునే "ఇస్త్రీ అన్నా, ఎడమ చెప్పు తెగేలా ఉంది చూసుకో" అని కేకేసేది. "ఏమ్మా, కాలీడుస్తున్నావు, ఒంట్లో బాలేదా?" అని పైన పోయే పనిమనిషిని అడిగేది. మనిషి మొహం చూసి కుశలం అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. పాదాలు చూసి అడిగే మనిషిని నేను ఈవిడనే చూశాను.

వెంటిలేటరు ఊచకి దూదితో చేసిన ఒక మబ్బు వేలాడుతూ ఉండేది. బడి నాటకాల్లో వాన రావలసి వచ్చినప్పుడు దాన్ని తీసుకుపోయేవాళ్ళు. అక్కడే ఎందుకు కట్టావక్కా అంటే, "మబ్బు కిటికీలో ఉండకపోతే ఇంకెక్కడుంటుంది?" అనేది.

వేషాలు తగిలించడంలో ఆవిడకో పద్ధతి ఉంది. పొడుగూ పొట్టీ చూడదు, రంగూ చూడదు. పగవాళ్ళని పక్కపక్కన తగిలిస్తుంది. పోలీసు పక్కన దొంగ, పులి పక్కన మేక, రాజు పక్కన ఆయన రాజ్యం లాక్కున్న తమ్ముడు. "స్టేజి మీద ఎలాగూ కొట్టుకోక తప్పదు పాపం. ఇంటికొచ్చాకైనా కలిసుండనీ" అనేది. వేషం తిరిగి తెచ్చిన పిల్లలు దాన్ని దాని జోడీ పక్కనే తగిలించి వెళ్ళాలి. మా వీధిలో అక్షరాలు రాకముందే పిల్లలకి ఆ వరస వచ్చేది.

ఒకసారి బడి నాటకంలో ఒక బక్కపిల్లవాడికి చెట్టు వేషం ఇచ్చారు. చెట్టుకి మాటలుండవు, నడక ఉండదు. వాడు ఈ మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుతుంటే అక్క చూసింది. చూసి ఊరుకోలేదు. చెట్టు కొమ్మలో గూడు కుట్టి, గూట్లో పిట్టని పెట్టి, ఆ పిట్ట రెక్కలకి దారం కట్టి, దారం కొస వాడి వేలికి చుట్టింది. నాటకంలో రాజు ఎంత అరిచినా జనమంతా పిట్టనే చూశారు. మర్నాటి నుంచి పిల్లలందరూ చెట్టు వేషం కోసం కొట్టుకున్నారు.

ఆ పిల్లవాడే పెద్దయి బీమా ఏజెంటు అయ్యాడు. ఒకరోజు మెట్లు దిగి వచ్చి అక్క ముందు కూర్చున్నాడు.

"నేల కింద గది కదక్కా. నీళ్ళు పైనుంచే రావాలని లేదు. తూములోంచి వెనక్కి కూడా తన్నుతాయి. దానికి వేరే కవరు ఉంటుంది, తీసుకో."

"నాకెందుకురా ఇవన్నీ? మా రాజులకి గొడుగులున్నాయిగా."

"గొడుగు పైనుంచి పడేదానికక్కా. కిందనుంచి వచ్చేదానికి నేనుండాలి."

"సరేలే, చెట్టే వచ్చి నీడనిస్తానంటే కాదంటానా" అని సంతకం పెట్టింది.

మొన్నటి వానాకాలంలో అక్క చెల్లెలికి కంటి ఆపరేషనని పక్క ఊరు వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక పట్టిన వాన వదల్లేదు. వీధిలో నీళ్ళు నిలబడ్డాయి, స్కూటర్ల చక్రాలు మునిగాయి. తెల్లవారి, అక్క తాళం అప్పగించి వెళ్ళిన ఇస్త్రీ అన్న సెల్లారు తలుపు తీసి చూసేసరికి లోపల మోకాళ్ళ పైదాకా నీళ్ళు! రాజుల అంగీలు, రాణుల పావడాలు అంచులు నీళ్ళలో వదిలి నిలబడి ఉన్నాయి. అందరూ ఏట్లో దిగి ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉన్నారు.

అక్కకి ఫోన్ చేద్దామని ఎవరో అన్నారు. "ఎందుకూ? అక్కడ చెల్లెలి కంటికి కట్టు. ఈవిడ ఇక్కడికి పరిగెత్తుకొచ్చేస్తుంది. వచ్చేలోపల మనమే బాగుచేసేద్దాం" అన్నాడు ఇస్త్రీ అన్న. అందరికీ ఆ మాట నచ్చింది. ఇంకెక్కడివాళ్ళయినా ముందు ఫోన్ చేసి ఉండేవాళ్ళేమో. మా వాళ్ళు బకెట్లు తెచ్చారు.

మా వీధి ప్లంబరు నీళ్ళలో దిగి తూములో చెయ్యి పెట్టి అడ్డుపడ్డ చెత్తంతా లాగాడు. మిగతావాళ్ళు మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లు అందుకున్నారు. ఒక్కో వేషాన్నీ ఒక్కో ఇల్లు తీసుకుంది. ఎవరి పిల్లలు వేసిన వేషం వాళ్ళు తీసుకుపోయారు, ఎవరూ చెప్పకుండానే. మా ఇంటికి సింహం వచ్చింది, మా అమ్మాయి చిన్నప్పటి సింహం. స్నానాలగది తలుపుకి తగిలించాం. కళ్ళు నులుముకుంటూ అటు వెళ్ళిన మా ఆయన పెట్టిన కేకకి పై అంతస్తువాళ్ళు దిగి వచ్చారు.

మెట్ల పక్క ఇంట్లో మామ్మ ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి కుర్చీలోంచి లేవలేదు. "నాకూ ఏదో ఒకటి ఇవ్వండర్రా! నేనేమన్నా మహారాణినా, కూర్చుని చూడటానికి?" అని ఒకటే గోల. బరువైనది ఇవ్వలేరు, వట్టి చేతులతో కూర్చోబెట్టలేరు. ప్లంబరు పైకి చూసి, వెంటిలేటరు ఊచకున్న మబ్బు దారం తెంపి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "చాలా ముఖ్యమైంది మామ్మా. ఫ్యాను కింద జాగ్రత్తగా ఆరబెట్టు" అన్నాడు. మామ్మ దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది.

బట్టలు ఉతుకుదామంటే ఇస్త్రీ అన్న ఒప్పుకోలేదు. "జరీ బట్ట, తెలియక ఉతికితే పోతుంది. ఆరబెట్టండంతే. ఉతకడం ఎలాగో అక్క వచ్చాక చెప్తుంది. అప్పటిదాకా ఎవరింట్లోవి వాళ్ళింట్లోనే ఉండనివ్వండి" అన్నాడు. నేల మాత్రం ఫినాయిలుతో కడిగారు. గోడలు ఆరాక సున్నం కూడా వేశారు. పనిలో పడి ఫొటోలు తియ్యాలని ఎవరికీ తోచలేదు. ఒక్కటి మాత్రం తీశారు. అందులో నీళ్ళకన్నా నవ్వులే ఎక్కువ.

అక్క వచ్చిన రోజున మేమందరం మెట్ల దగ్గర నిలబడ్డాం. ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని. ఆవిడ తలుపు తీసి, తెల్లని గోడలు చూసి, విషయం విని, ఒక్కొక్కరి చేతులూ పట్టుకుంది. "దేవుడు ఇన్ని చేతులతో వచ్చాడా నా ఇంటికి" అని మాత్రం అంది.

సాయంత్రం అన్నం పట్టుకుని కిందికి దిగుతుంటే బీమా తమ్ముడి గొంతు వినబడి మెట్ల మీదే ఆగిపోయాను.

"ఎవరక్కా ఈ ఘనకార్యం చేసింది? బీమా కంపెనీ సర్వేయరు వచ్చి నష్టం చూసేదాకా గది ఉన్నదున్నట్టు ఉండాలి. వీధి నీళ్ళు లోపలికి దూకితే నీ పాలసీలో రాదు. తూములోంచి తన్నితేనే వస్తుంది. ఇప్పుడు ఏ నీళ్ళో ఎలా చూపిస్తావు? గోడకి మరక కూడా లేకుండా చేశారే!"

"మెల్లిగా మాట్లాడరా. వింటారు."

"వింటే విననీ!"

"వద్దు." అక్క గొంతు గట్టిపడింది. "నడుములు పడిపోయేలా తోడారు. తోడబట్టే నాకు బీమా రాలేదని తెలిస్తే వాళ్ళకి ముద్ద దిగుతుందా? రాకపోతే మూసేసి చెల్లెలి దగ్గరికి పోతాను. అది ఎప్పట్నుంచో రమ్మంటోంది." తర్వాత ఖాళీ దండేలకేసి చూసింది. "నా సంగతి సరే. వీళ్ళని ఎవరు చూస్తారు?"

నేను అన్నం గిన్నె కింద పెట్టాను. అక్క నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఎవరికీ చెప్పనని తలూపాను. ఇంటికెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాను కానీ ఏమడగాలో తెలియలేదు. మంచి చేసినవాళ్ళ మంచితనమే అడ్డం పడితే ఏమని మొరపెట్టుకుంటాం?

సర్వేయరు నెరిసిన మీసాల మనిషి. ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట బూట్లు విప్పాడు. అది చూడగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. గదంతా చూశాడు, గోడ మీద వేలు పెట్టి రుద్దాడు, వేలికి సున్నం అంటింది.

"నీళ్ళు ఎటునుంచి వచ్చాయన్నదే నా ప్రశ్నమ్మా. గది నాకేమీ చెప్పడం లేదు. కొత్తగా కాపురానికి దిగే ఇల్లులా ఉంది."

"తూమేనండీ! నా చేత్తో లాగాను చెత్త" అన్నాడు ప్లంబరు.

"ఆ చెత్త ఏదీ?"

"చెత్తబండి పట్టుకుపోయిందండీ."

"తూము చూడనా?"

"బాగుచేసేశానండీ. మరి చూస్తూ కూర్చోమంటారా?"

సర్వేయరు నవ్వలేదు, విసుక్కోలేదు. "మీ మాట నమ్ముతానయ్యా. కానీ నా నమ్మకం రిపోర్టులో రాస్తే ఒప్పుకోరు. కనబడేది రాయాలి" అని అక్క వైపు తిరిగాడు. "ఇదంతా ఎవరు కడిగారమ్మా? ముట్టుకోవద్దని తెలియదా?"

"నా వాళ్ళేనండీ. వాళ్ళకి తెలియదు. తెలియనివ్వకండి" అంది అక్క గొంతు తగ్గించి.

కానీ ఇస్త్రీ అన్న గుమ్మంలోనే ఉన్నాడు. "అంటే... మేము కడగబట్టి అక్కకి రాకుండా పోతుందా?"

ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే ఆ మనిషి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది. "ఏమీ పోలేదు. నువ్వు లే ముందు" అంటూ వీపు నిమిరింది. అప్పుడు ఎవరికి నష్టం జరిగిందో, ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూసేవాళ్ళకి తెలియదు.

సర్వేయరు కాసేపు వాళ్ళిద్దరినీ చూశాడు. తర్వాత ఖాళీ దండేల వైపు చూశాడు.

"ఇక్కడుండవలసిన బట్టలేవి?"

"అందరి ఇళ్ళలో ఉన్నాయండీ" అన్నాను నేను.

"ఉతికారా?"

"లేదండీ. ఇస్త్రీ అన్న ఒప్పుకోలేదు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, "చూపిస్తారా?" అన్నాడు.

మెట్లెక్కి ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో సోఫా మీద రాణి కూర్చుని ఉంది, ఇంటాయన కింద చాప మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఒక ఇంట్లో పోలీసు వంటగదిలో ఉన్నాడు. బాల్కనీలో దేవదూత రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి. మా ఇంట్లో సింహాన్ని చూసి ఆయన కూడా ఒకడుగు వెనక్కి వేశాడు. ఆఖరి బాల్కనీలో నిలబడి, "నేను ఇంతకాలంగా మునిగిన ఇళ్ళు చూస్తున్నానమ్మా. సామాను వీధిలో కుప్పగా ఉండటమే చూశాను" అన్నాడు. తర్వాత, "వీటన్నిటినీ ఉన్నచోట ఉన్నట్టు మళ్ళీ తగిలించగలరా? ఏది ఎక్కడుండేదో ఎవరికైనా గుర్తుందా?" అని అడిగాడు.

అందరం మొహామొహాలు చూసుకున్నాం. అది కూడా ఒక ప్రశ్నేనా?

మేళం లేని ఊరేగింపులా అందరూ దిగి వచ్చారు. మెట్ల మీద ఒకటే తోపులాట, ఒకటే కేకలు.

"నీ దొంగని అటు జరుపు, పోలీసు ఇక్కడ."

"మేకని పులికి కుడివైపు పెట్టాలి. నీ మొహం, ఎడమవైపు కాదు!"

"రాజుగారి తమ్ముడెక్కడ? ఇంకా నిద్ర లేవలేదా?"

పిల్లలప్పుడు నేర్చుకున్న వరస ఎవరూ మరిచిపోలేదు. చివరి వేషం తగిలించాక అందరూ గోడవారగా జరిగారు. అప్పుడు చూశాం. అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు తమ బట్ట మీది మరకే చూశారు. ఇప్పుడు రాజు అంగీ మీద ఆగిన బూడిదరంగు గీత ఆయన తమ్ముడి అంగీ మీద అందుకుంది. అక్కణ్ణుంచి రాణి పావడా, పోలీసు లాగు, దొంగ లుంగీ, సింహం తొడలు, దేవదూత కుచ్చిళ్ళు దాటుకుంటూ, ఎక్కడా వంకర పోకుండా, గది చుట్టూ ఒకే ఒక్క గీత తిరిగి వచ్చింది. గొప్పవాళ్ళనీ, తక్కువవాళ్ళనీ చూడకుండా నీళ్ళు అందరినీ ఒకే ఎత్తున ముట్టి ఆగాయి. నాకు చేతులు వాటంతటవే కలిశాయి.

సర్వేయరు మోకాళ్ళ మీద వంగి టేపుతో కొలిచాడు. పెన్సిలు తీసి, ఆ గీత వెంబడే కొత్త సున్నం మీద గది చుట్టూ గీసుకుంటూ వచ్చాడు. మరక వాసన చూశాడు. "వీధి బురద ఎర్రగా ఉంది. ఇది బూడిదరంగు, సబ్బు జిడ్డు. తూము నీళ్ళలాగే ఉంది" అన్నాడు. ఇస్త్రీ అన్న తలెత్తాడు. "కానీ వీధి నీళ్ళు అసలు రాలేదని కూడా తేలాలి. వీధిలో అంత నీరు నిలిచింది. మెట్లు భవనం లోపలున్నాయి సరే, మరి ఇదిగో వెంటిలేటరు. ఇందులోంచి దూకలేదని ఎలా రాయను?"

సరిగ్గా అప్పుడే పైనుంచి మామ్మ కేక. "నన్ను వదిలేసి అందరూ దిగిపోయారేంట్రా! నా దాన్ని ఎవరు తీసుకెళ్తారు?"

ప్లంబరు, ఇస్త్రీ అన్న వెళ్ళి ఆవిడని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఒళ్ళో మబ్బు ఉంది. సర్వేయరే అక్కడ పెద్దమనిషిలా కనిపించాడేమో, ఆవిడ నేరుగా ఆయన మీదే పడింది.

"అయ్యా, మీరే తీర్పు చెప్పండి. వీళ్ళు నన్ను మోసం చేశారు! అందరికీ తడిసినవి ఇచ్చి, నాకు మాత్రం తడవని దాన్ని ఇచ్చి ఆరబెట్టమన్నారు. ముసలిదానికి తెలియదనుకున్నారు. ముట్టుకుంటే తెలియదూ? ఒక్క చుక్క నీరు లేదు దీన్లో. ఎన్నాళ్ళ దుమ్మో, అలాగే ఉంది!"

ప్లంబరు నాలుక కరుచుకున్నాడు. "ఏదో నువ్వు ముచ్చటపడ్డావని మామ్మా..."

సర్వేయరు రెండు చేతులూ చాపి మబ్బు అందుకున్నాడు. వేలితో దూది విప్పి చూశాడు. మెల్లిగా ఊదాడు. వెలుతురులో దుమ్ము పొగలా లేచింది.

"ఇది ఎక్కడుండేదమ్మా?" అని అక్కని అడిగాడు.

అక్క వెంటిలేటరు ఊచ వైపు చెయ్యి చూపింది. ఊచకి తెగిన దారం ముక్క ఇంకా వేలాడుతోంది.

ఆయన స్టూలు వేయించుకుని తనే ఎక్కాడు. దారానికి దారం కట్టి మబ్బుని దాని చోట వేలాడదీశాడు. అది ఊచ కిందే, వెంటిలేటరుకి అడ్డంగా ఊగింది. వీధిలోంచి ఒక్క చెంబెడు నీళ్ళు లోపలికి పడినా ముందు తడిసేది అదే. దూది ముద్దయి, దుమ్ము బురదయి ఉండేది. ఆయన స్టూలు మీదే నిలబడి దాని ఫొటో తీసుకున్నాడు. దిగి వచ్చి మామ్మ కుర్చీ ముందు వంగాడు.

"మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదమ్మా. చాలా ముఖ్యమైందే ఇచ్చారు."

"నేను అప్పుడే అన్నానండీ" అన్నాడు ప్లంబరు. అందరం ఒక్కసారిగా నవ్వాం. ఇస్త్రీ అన్న మాత్రం నవ్వలేదు. మొహానికి తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగాడు.

కొద్దిరోజుల తర్వాత బీమా తమ్ముడు మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. తూము నీళ్ళేనని తేలింది, క్లెయిము వస్తుంది. అక్క వాడి తల మీద చెయ్యి పెట్టి, "నీడనిచ్చావురా" అంది. పాడైన పావడాలకి కొత్త బట్ట వచ్చింది. జరీని ఎలా ఉతకాలో ఇస్త్రీ అన్నకి అక్క దగ్గరుండి నేర్పింది. తూముకి ప్లంబరు ఒక మూత బిగించాడు. పై నీళ్ళు కిందికి పోతాయి గానీ కింద నీళ్ళు పైకి రావు. మబ్బు దులుపుతానంటే మామ్మ ఒప్పుకోలేదు. అది ఆ దుమ్ముతోనే ఊచకి ఊగుతోంది.

గోడ మీద పెన్సిలు గీత కూడా అలాగే ఉంది. మళ్ళీ సున్నం వేసినప్పుడు అక్క దాన్ని ముట్టుకోనివ్వలేదు. దాని పైనా వేయించింది, కిందా వేయించింది. వేషాల కోసం వచ్చే పిల్లలు ఆ గీత దగ్గర నిలబడి తమ నడుముతో కొలుచుకుంటారు.

"ఇంతదాకా వచ్చాయా అక్కా నీళ్ళు?" అని అడుగుతారు కళ్ళు పెద్దవి చేసుకుని.

అక్క మిషను ఆపి, ఆ గీతకేసి చూసి, పైన వీధిలో పోతున్న పాదాలకేసి చూసి, నెమ్మదిగా అంటుంది.

"ఇంతవరకేనమ్మా."